తీసేసిన రేకు

ఒక మనిషికి తన కాలి మీద ఉన్న నమ్మకాన్ని నేను తీసుకున్నాను. ఆరేళ్లుగా అది నా దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వలేదు. ఇచ్చే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను పనిచేసే ఫ్యాక్టరీలో తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాడిని, ఏది చెప్పినా వరుసలో పెట్టి చెప్పడం అలవాటు. దీన్ని కూడా ఎన్నోసార్లు వరుసలో పెట్టి చూసుకున్నాను. కారణం, దాని పక్కన ఫలితం, దాని పక్కన ఇంకో కారణం. ప్రతిసారీ ఒకచోటికి వచ్చేసరికి ఆగిపోతాను. ఈసారి ఆగకుండా వెళ్లగలనేమో చూస్తాను.

ముందు కారు గురించి చెప్పాలి.

రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు అది. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. మా తాతల కాలంలో విదేశంలో తయారైంది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమాని తండ్రి దాన్ని హైదరాబాదులో కొని తెచ్చుకున్నాడట. ఆయన పోయాక మిల్లు వెనక ఊక షెడ్డులో పడేశారు. కోదాడలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ ప్రాజెక్టు కోసం ఆ మిల్లు బాయిలర్ చూడటానికి వెళ్లాను. ఊక కుప్పలోంచి గుండ్రటి హెడ్‌లైటు ఒకటి బయటికి కనబడుతోంది. బాయిలర్ సంగతి ఆ రోజు నాకేమీ గుర్తులేదు. తుక్కు కింద అమ్మేస్తారా అని అడిగితే యజమాని నవ్వి, షెడ్డు ఖాళీ అయితే చాలన్నాడు.

దాన్ని ఇంటికి తెచ్చింది సైదులన్న. అసలు పేరు అదో కాదో చెప్పను. మా వైపు వీధికొక సైదులు ఉంటాడు కాబట్టి ఆ పేరు ఎవరినీ పట్టివ్వదు. మా వీధిలోనే ఉండేవాడు. లారీ మీద సగం దేశం తిరిగి, పెళ్లయ్యాక ఊళ్లోనే ఉండాలని ఒక బడి బస్సు నడిపేవాడు. పిల్లలు ఎక్కేటప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఎవరిదో డీసీఎం వ్యాను అడిగి తీసుకుని నాతో మిర్యాలగూడ వచ్చాడు. కారును చూసి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఇద్దరే కూసునే బండికి ఇంత లొల్లి ఎందుకు తమ్మీ? రేపు పెండ్లయి పిల్లలు పుడితె డిక్కీల ఏసుకపోతవా?"

"దీనికి డిక్కీ కూడా సరిగ్గా లేదన్నా."

"ఇగ అయిపాయె. అత్తగారింటికి పోతె ఒక్క చీరెల పెట్టె గూడ పట్టదు. నిన్ను ఎవరు చేసుకుంటరు?"

అలా అంటూనే ఊక దులిపి, చక్రాలకు తాడు కట్టి, తనే ముందు నిలబడి ఎక్కించాడు.

ఆ తర్వాత రెండేళ్లు నా ఆదివారాలన్నీ దానికే పోయాయి. సీటు లోపల ఎలుకల సంసారం. పెట్రోలు ట్యాంకు నిండా తుప్పు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డు వెనక వైర్లు అంటుకుని పొగ వస్తే మా అమ్మ బిందెడు నీళ్లు గుమ్మరించింది, దాంతో కొత్తగా కొన్న పరికరాలు కూడా పోయాయి. ఒకసారి కోదాడ సెంటర్లో మలుపు తిరుగుతుంటే ఎడమవైపు తలుపు దానంతటదే తెరుచుకుంది. పక్కసీట్లో ఉన్న సైదులన్న తలుపుతో పాటు సగం బయటికి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి, "దింపుతె దింపుతనని చెప్పరాదా?" అన్నాడు. పాడయింది బాగుచేసుకుంటూ పోతే చాలు, ఆ కారు ఇప్పటికీ మంచి కారే. నేను అక్కడితో ఆగలేదు.

మార్పులు చేశాను. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే పాత ఇనుప భాగం తీసేసి, హైదరాబాదులో పైపులు వంచే చోట కొత్తది చేయించి బిగించాను. శబ్దం మారింది. పక్క వీధివాళ్లు కూడా బయటికొచ్చి చూసే శబ్దం. అయితే పాత కారులో ఆ వేడి భాగానికీ బ్రేకు పైపుకీ మధ్య ఒక రేకు ఉండేది. అరచేయి కంటే కొంచెం పెద్దది. వేడి బ్రేకు పైపుకు తగలకుండా అడ్డంగా పెట్టిన రేకు. కొత్త పైపు లావు. రేకు పట్టలేదు. తీసేసి నా మంచం కిందికి తోశాను. ఇదివరకు నాలుగు వేళ్ల దూరం ఉన్నచోట ఇప్పుడు ఒక వేలు కూడా సరిగ్గా దూరడం లేదు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. వేలు పెట్టి చూశాను.

బ్రేకు ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఉంది. పెడల్ తొక్కితే సన్నటి పైపులో ఉన్న బ్రేక్ ఆయిల్ చక్రాల దగ్గరికి ఒత్తిడిని మోసుకెళ్తుంది. ద్రవం కుదించుకుపోదు కాబట్టి కాలి బలం చక్రానికి చేరుతుంది. ఆ ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కుదించుకుపోతుంది. అప్పుడు పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఏర్పాటు, చేత్తో లాగే బ్రేకు ఉన్నా అది అందుకునే లోపే జరగాల్సింది జరిగిపోతుంది. కాసేపు చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. పెడల్ మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి ఊరుకున్న సంగతి కాదు. నా కాలికి తెలుసు. కోతల కాలంలో మిర్యాలగూడ నుంచి వస్తుంటే, వేములపల్లి దగ్గర వడ్ల ట్రాక్టర్లు మిల్లుల కోసం రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన అడుగులో అడుగు వేసుకుంటూ కదిలాను. గాలి లేదు, ఎండ, కింద ఇంజిన్ వేడి. ముందున్న ట్రాక్టర్ ఆగితే బ్రేకు తొక్కాను. కాలి కింద ఏమీ లేదు. వెంటవెంటనే మూడు నాలుగుసార్లు తొక్కాక పట్టు వచ్చింది. ట్రాలీ వెనక రేకుకు జానెడు దూరంలో ఆగాను. కారు పక్కకు తీసి కూర్చుని, ఎందుకు జరిగిందో అక్కడికక్కడే తెలుసుకున్నాను. ఇంటికి వెళ్లగానే కొత్త రేకు చేయించాలనుకున్నాను.

చేయించలేదు. ఎందుకు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. పైపు మళ్లీ విప్పాలి, కొంచెం వంచాలి, శబ్దం మారిపోతుందేమో. మామూలుగా వెళ్తే గాలి తగులుతుంది, ఏమీ కాదు. వచ్చే ఆదివారం చూద్దాం. ఇవే కారణాలు. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది.

అంతలో నా క్లాస్‌మేట్ పెళ్లి కుదిరింది, సూర్యాపేటలో. బారాత్‌కు నీ కారే కావాలన్నాడు. గుర్రాలూ పూలరథాలూ అందరికీ ఉంటాయి, ఇది ఎవరికుంటుందన్నాడు. నేను పొంగిపోయాను. ఊరేగింపు అంటే ఏమిటో మీకు తెలుసు. ముందు డీజే వ్యాను, దాని వెనక డ్యాన్సులు, వాళ్ల వెనక బండి. పది అడుగులు వేయడం, నిలబడటం, మళ్లీ పది అడుగులు. వేగం కోసం పుట్టిన కారును మనం అంత నెమ్మదిగా నడుపుతాం. వేములపల్లిలో జరిగింది సరిగ్గా ఇలాంటి చోటే కదా అన్న ఆలోచన నాకు రాలేదా? వచ్చింది. స్నేహితుడికి మాట ఇచ్చేశానన్న ఆలోచన దాని మీద కూర్చుంది.

నెమ్మదిగా పోతుంటే ఇంజిన్ ఆగిపోకూడదని బయలుదేరే ముందు ఐడ్లింగ్ పెంచాను, అంటే యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ కొంచెం జోరుగా తిరిగేలా ఒక మర తిప్పాను. పూల డెకరేషన్ వాళ్లు బానెట్ ముందు భాగమంతా బంతిపూలతో, ఆకులతో దట్టంగా కప్పేశారు. గాలి లోపలికి వెళ్లే జాలీ దాని వెనకే ఉంది. పూలు కొంచెం పక్కకు జరిపాను. ఫొటోగ్రాఫర్ వచ్చి, ఫొటోలో బోడిగా కనబడుతోంది అన్నాడు. జరిపిన పూలు నేనే మళ్లీ సర్దాను.

ఆ రోజు నడపాల్సింది నేను. స్నేహితులు డ్యాన్సుకు లాగారు. సైదులన్నను పిలిచి తాళం ఇచ్చాను. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు పాపం. వధూవరులు మడిచిన పైకప్పు మీద దిండ్లు వేసుకుని కూర్చున్నారు, ఆయన స్టీరింగ్ ముందు. వేములపల్లి సంగతి చెప్పలేదు. పెడల్ మెత్తబడితే గబగబా నాలుగుసార్లు తొక్కన్నా అని ఒక్క మాట చెప్పాల్సింది. అంతే కావాల్సింది. చెబితే, మరి గిట్లాంటి బండి ఎందుకు తెచ్చినవ్ అంటాడు. ఆ ప్రశ్న వినడం ఇష్టం లేక చెప్పలేదు.

ఊరేగింపు సగం దూరం బాగానే వెళ్లింది. తర్వాత రోడ్డు కొంచెం వాలుగా ఉంది. మిగతావాళ్లం ఆడుతూ డీజే వ్యాను పక్కలకు జరిగాం, పెళ్లికొడుకు మేనమామ ఒక్కడే దాని వెనక అంచు పట్టుకుని, కారు వైపు వీపు పెట్టి ఆడుతున్నాడు. కారు ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంజిన్ ఒక్కసారి గర్జించింది. నేను తిరిగి చూసేసరికి ఆయన కాలు కారు ముందు భాగానికీ వ్యాను ఇనుప పలకకూ మధ్య ఇరుక్కుపోయి ఉంది. సైదులన్న ఇంజిన్ ఆపేశాడు. పాట మాత్రం ఇంకా మోగుతూనే ఉంది, ముందున్న వాళ్లకు తెలియదు.

ఆయన బతికారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ కర్రతో నడుస్తారు.

జనం సైదులన్న మీద పడ్డారు. తెల్ల చొక్కా చిరిగింది. తాగిండు అన్నారు. నోరు వాసన చూశారు, తాగలేదు. "బ్రేకు తొక్కిన, పెడలు నేలకు పోయింది" అని ఆయన అంటూనే ఉన్నాడు. ఎస్సై వచ్చేసరికి గంట దాటింది. పూలన్నీ పీకేసి ఉన్నాయి, బానెట్ చల్లబడింది. ఎస్సై స్వయంగా సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడు. రాయిలా ఉంది.

"గట్టిగనే ఉంది కదయ్యా. బండి ఎవరిది? నువ్వేనా ఇంజినీరు? బ్రేకుల ఏమన్న లోపం ఉందా?"

"లేదు సార్," అన్నాను.

భయంతో అన్న మాట అది. ఆ ఒక్కమాటతో ఆగి ఉంటే, భయపడ్డాను అని చెప్పుకుని ఏదో రకంగా బతికేవాడిని. పెద్దమనుషులు కూర్చుని కేసు లేకుండా సర్దారు. డ్రైవర్ పొరపాటు అని తేల్చారు. ఆ వారంలోనే నేను పైపు విప్పి, వంచి, కొత్త రేకు కోయించి బిగించాను. పాత బ్రేక్ ఆయిల్ తీసేశాను. ఎంత నల్లగా ఉందో. తీస్తుంటే ఒక చుక్క మడ్‌గార్డు మీద పడి ఎర్ర రంగు బుడగలు బుడగలుగా లేచింది. ఇన్ని ఆదివారాలు కుదరని పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

నేను ఎప్పుడూ ఆగిపోయే చోటు దీని తర్వాతిది.

పది పదిహేను రోజులకు సైదులన్న ఇంటికి వెళ్లాను. బడివాళ్లు అప్పటికే బస్సు తాళం తీసేసుకున్నారు. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోలేదట. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య పద్మ వదిన గుమ్మంలో నిలబడింది.

"నువ్వన్న చెప్పు తమ్మీ. బువ్వ తినకుంట కాలు దిక్కే సూసుకుంట కూసుంటుండు."

ఆయన తలెత్తాడు. "తమ్మీ, ఒక్కటి అడుగుత. నువ్వు చదువుకున్నోనివి, నిజం చెప్పు."

"అడుగన్నా."

"నేను బ్రేకే తొక్కిన అనుకుంటున్న. కాలికింద ఏం లేనట్టే అయింది. మరి ఎస్సై తొక్కితె గట్టిగ ఎట్లుంది?"

నేను మంచం పట్టెను గోటితో గీకుతూ కూర్చున్నాను.

"సరే, అది ఇడిసిపెట్టు. మోటరు గర్జించింది గదా. అందరు ఇన్నరు, నేను గూడ ఇన్న. బ్రేకు తొక్కితె మోటరు ఎందుకు గర్జిస్తది?"

దానికి జవాబు నాకు తెలుసు. ఆయన బ్రేకుతో పాటు క్లచ్ కూడా తొక్కాడు, అందరూ తొక్కినట్టే. క్లచ్ తొక్కగానే ఇంజిన్ మీద బరువు పోయింది. నేను మర తిప్పి పెంచిన ఐడ్లింగ్ వల్ల, బరువు పోగానే ఇంజిన్ ఎగిసింది. నా కొత్త పైపు దాన్ని గర్జన చేసింది. అన్నీ నావే. ఆయన చేసిందంతా సరైనదే.

"గాబరాలో అట్ల అయితదన్నా," అన్నాను. "ఎంత పెద్ద డ్రైవర్‌కైనా అయితది. బ్రేకు అనుకుని పక్కది తొక్కేస్తరు. తొక్కినోళ్లకు బ్రేకే తొక్కినట్టు అనిపిస్తది. పుస్తకాల్లో కూడా ఉంటది."

"పుస్తకాల్ల ఉంటదా?"

"ఉంటది."

చాలాసేపు కుడికాలి వైపు చూశాడు. పరాయివాళ్ల కాలిని చూసినట్టు.

"అయితె ఎక్సలేటరే తొక్కిననన్నట్టు. నేనే." తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ బండి ఇజ్జత్ తీసిన తమ్మీ. నలుగుర్ల నీ పేరు గూడ ఖరాబు జేసిన. మనసుల పెట్టుకోకు."

"పోనీలే అన్నా. నేనేం అనుకోను."

అదీ నేను చేసింది. ఎస్సైతో అబద్ధం చెప్పినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేను అపకారం చేసిన మనిషిని నా ఎదుట కూర్చోబెట్టుకుని ఆయన్నే క్షమించాను. నేను క్షమించానని ఆయన ముఖం కొంచెం తేలికపడింది కూడా. వదిన టీ పెట్టింది. తాగాను. చక్కెర ఎక్కువైందని ఆమె అంటే, లేదు వదినా బాగుందన్నాను.

ఆ రోజు నుంచి సైదులన్న ఏ బండీ ముట్టుకోలేదు. మోపెడ్ కూడా. ఇప్పుడు చిలుకూరు దగ్గర ఒక ధాన్యం గోదాముకు కాపలా. వదిన నలభై దాటాక మోపెడ్ నేర్చుకుంది. చీరల మూట ముందు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. పొద్దున ఆయన్ని గోదాము దగ్గర దింపిపోతుంది. మొదట్లో జనం నవ్వారు. ఇప్పుడు అలవాటైపోయింది.

చెబుదామని ఒకసారి వెళ్లాను. గోదాము ముందు ఒక లారీ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. "కాలు మీద ఎన్నడు నమ్మకం పెట్టుకోకు బిడ్డా," అంటున్నాడు. "ఎన్నేండ్లు నడిపినా అది మోసం చేస్తది. నాకు చేసింది." నన్ను చూసి నవ్వి, "గీ తమ్ముడే నాకు ఇడమరిసి చెప్పిండు. ఇంజినీరు" అన్నాడు. గర్వంగా అన్నాడు. పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? బడి వాళ్లు తాళం తిరిగి ఇస్తారా? ఆ బడిలో ఆయన పేరు పెట్టి పిలిచిన పిల్లలందరూ పెద్దవాళ్లైపోయారు. తనను తాను నిందించుకుంటూ కష్టపడి ఒక లెక్కకు వచ్చి బతుకుతున్న మనిషి దగ్గరికి వెళ్లి, నీ లెక్క తప్పు, ఈ ఆరేళ్లూ ఊరికే పోయాయి అని చెప్పాలా? ఇలా అనుకుంటే అది ఆయన మీద దయలాగా కనిపిస్తుంది. దయ కాదు. నేను భయపడుతున్నాను, అంతే. ఆయన కొడతాడని కాదు. కొట్టకుండా, పోనీలే తమ్మీ అంటాడేమోనని. ఆ మాట నేను ఒకసారి ఆయన మీద వాడేశాను. దాన్ని మళ్లీ ఆయన నోట వినలేను.

కారు మా పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. అమ్మలేను, నడపలేను. మడ్‌గార్డు మీద రంగు లేచిన మచ్చ రూపాయి బిళ్లంత అయింది. పాత రేకు ఇప్పటికీ మంచం కింద ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడు అమ్మ దాన్ని బయటికి తీసి, ఇది పారేయనా అంటుంది. ఉండనీ అంటాను.

మొన్న కోదాడలో నా బైకు ముందు వదిన మోపెడ్ వెళ్తోంది. వెనక సైదులన్న, ఒక చేత్తో చీరల మూట పట్టుకుని. అడ్డంగా ఆటో వచ్చింది. వదిన బ్రేకు పట్టే లోపే ఆయన కుడి పాదం ఫుట్‌రెస్ట్ మీద గట్టిగా దిగబడింది. చెప్పు వంగేంత గట్టిగా. అక్కడ పెడల్ లేదు. అయినా సరైన సమయానికి, సరైన కాలు, సరిగ్గా తొక్కింది. ఆటో వెళ్లిపోయాక ఆయన ఆ కాలిని కొంచెం వెనక్కి లాక్కున్నాడు, తప్పు చేసినట్టు.

నేను ఆయనకు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చిన మాటలతో నేనేం చేస్తానో మీరు చదివారు. కానీ ఒక వాక్యం ఆరేళ్లుగా నా నోట్లో ఉంది, దాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి. ఆయనకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరు ఏమీ అనక్కర్లేదు.

ఆ రోజు నువ్వు తొక్కింది బ్రేకే అన్నా.